రుణ గుర్తు ఉన్న మిశ్రమ భిన్నాలను తప్పు రాకుండా కూడటం ఎలా

కూడిక సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక చిన్న ప్రశ్న. సంఖ్యారేఖ మీద −2 3/4 ఎక్కడ ఉంటుంది? −2కి కుడివైపా, ఎడమవైపా?

చాలామంది −2 దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి కుడివైపుకి ముప్పావు జరుగుతారు, ఎందుకంటే 3/4 ముందు మైనస్ ఏమీ కనిపించదు కదా, మైనస్ ఉన్నది 2 ముందే కదా అనిపిస్తుంది. అలా జరిగితే −1 1/4 దగ్గర తేలతారు, అది తప్పు. −2 3/4 ఉండేది −2కీ −3కీ మధ్యలో, −3కి దగ్గరగా. అంటే సున్నా నుంచి ఎడమవైపుకి రెండు అడుగులు వేసి, ఇంకో ముప్పావు అడుగు కూడా ఎడమవైపుకే వెయ్యాలి.

ఇది ఒక్కటి గట్టిగా పట్టుకుంటే మిగతాదంతా మామూలు భిన్నాల లెక్కే:

−2 3/4 = −(2 + 3/4) = −2 − 3/4

మైనస్ ఒక్కసారే రాస్తాం కానీ అది 2కీ వర్తిస్తుంది, 3/4కీ వర్తిస్తుంది. ఈ టాపిక్‌లో పిల్లలు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం, క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) రాకపోవడం వల్ల కాదు, ఎక్కాలు రాకపోవడం వల్ల కాదు, ఈ మైనస్‌ని సగం దారిలో వదిలెయ్యడం వల్లే వస్తాయి. అందుకే కొత్తగా నేర్చుకునేటప్పుడు కొన్నాళ్ల పాటు ప్రతి రుణ మిశ్రమ భిన్నాన్నీ బ్రాకెట్‌లో పెట్టి −(2 3/4) అని రాయమని నా సలహా. కాస్త చేతిపని ఎక్కువే, అయినా చెయ్యండి.

(ఇక్కడ 2 3/4 అని మధ్యలో ఖాళీ వదిలి రాస్తే రెండు, దాని మీద మూడు బై నాలుగు అని చదువుకోండి. గుణకారం కాదు.)

గుర్తులు ఒకటే అయితే

ఇది తేలిక. రెండూ ధన సంఖ్యలైతే మామూలు కూడికే. రెండూ రుణ సంఖ్యలైతే గుర్తులు పక్కన పెట్టి కూడి, వచ్చిన జవాబు మొత్తానికి ముందు మైనస్ పెట్టాలి.

−2 1/3 + (−1 3/4) తీసుకోండి. 3, 4ల క.సా.గు. 12. కాబట్టి 1/3 అంటే 4/12, 3/4 అంటే 9/12.

2 4/12 + 1 9/12 = 3 13/12 = 4 1/12

జవాబు −4 1/12. ఇక్కడ 13/12 అని వదిలేయకుండా అందులోంచి ఒక పూర్తి ఒకటిని బయటకి తీసి 3కి కలపాలి, అంతే. దీనికి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

గుర్తులు వేరైతే

అసలు పని ఇక్కడ ఉంది. క్లాసులో చెప్పే సూత్రం అందరికీ నోటికి వచ్చే ఉంటుంది: పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి పెద్దదాని గుర్తు పెట్టు. సూత్రం సరైనదే. బ్రహ్మగుప్తుడు 628లో బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధనాలు, రుణాల పేరుతో చెప్పింది కూడా ఇదే: ధనమూ రుణమూ కలిస్తే వాటి తేడా మిగులుతుంది, రెండూ సమానమైతే సున్నా. చేతిలో ఉన్న డబ్బు, తీర్చాల్సిన అప్పు అనుకుంటే సూత్రం ఎందుకు పనిచేస్తుందో వేరే చెప్పక్కర్లేదు, ఏది ఎక్కువైతే చివరికి అదే మిగులుతుంది, ఎంత మిగులుతుంది అంటే రెంటికీ ఉన్న తేడా అంత.

కాకపోతే ఇక్కడ 'పెద్దది' అంటే గుర్తు తీసేశాక పెద్దది. −5 1/6, 2 3/4 ఈ రెంటిలో అసలు విలువలో పెద్దది 2 3/4, ఎందుకంటే ఏ ధన సంఖ్యైనా రుణ సంఖ్య కంటే పెద్దదే. కానీ మనకి కావాల్సింది సున్నా నుంచి ఏది ఎక్కువ దూరంలో ఉంది అన్నది. పుస్తకాల్లో దీన్నే పరమ మూల్యం అంటారు. 5 1/6 దూరం 2 3/4 దూరం కంటే ఎక్కువ, కాబట్టి జవాబు గుర్తు మైనస్. గుర్తు ముందే తేల్చేసి కాగితం మీద రాసేసుకోండి, లెక్క మధ్యలోకి వెళ్లాక దాన్ని మర్చిపోవడం చాలా తేలిక.

ముందు ఇబ్బంది లేనిది ఒకటి:

5 3/4 + (−2 1/2) = 5 3/4 − 2 2/4 = 3 1/4

ప్లస్, దాని పక్కన బ్రాకెట్‌లో మైనస్ ఉంటే రెండూ కలిసి ఒక మైనస్ అవుతాయి. 5లోంచి 2 పోతే 3, ముప్పావులోంచి అర పోతే పావు. పూర్తయింది.

ఇప్పుడు ఇబ్బంది పెట్టేది, −5 1/6 + 2 3/4. దీన్ని నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ ఒక్క లెక్కలో నేర్చుకోవాల్సినవన్నీ ఉన్నాయి.

గుర్తు మైనస్ అని పైన తేల్చేశాం. 6, 4ల క.సా.గు. 12 (6ని 4తో గుణించి 24 తీసుకున్నా జవాబు తప్పు రాదు, చివర్లో కొట్టివేతలు పెరుగుతాయి, అంతే). ఇక చెయ్యాల్సింది ఇది:

5 2/12 − 2 9/12

2/12లోంచి 9/12 పోదు. ఇక్కడే చాలామంది చెయ్యి తిరిగిపోతుంది, 9లోంచి 2 తీసేసి 7/12 అని రాసి, 5లోంచి 2 తీసేసి 3 అని రాసి, −3 7/12 అని జవాబు వేసేస్తారు. అలా తిరగేసి తియ్యకూడదు. 5లోంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి, ఆ ఒకటి అంటే 12/12:

5 2/12 = 4 14/12
4 14/12 − 2 9/12 = 2 5/12

గుర్తు కలిపితే −2 5/12. అంకెల తీసివేతలో అప్పు తెచ్చుకుంటే పది వస్తుంది, ఇక్కడ మాత్రం హారం ఎంతో అంత వస్తుంది, 12 హారమైతే 12 భాగాలు, 5 హారమైతే 5 భాగాలు. అలవాటు కొద్దీ ఎప్పుడూ పది కలిపేసే పిల్లలు ఉంటారు, వాళ్లకి ఈ మాట విడిగా చెప్పాలి.

అపక్రమ భిన్నంగా మార్చి చెయ్యడం

అపక్రమ భిన్నం అంటే పై అంకె కింది అంకె కంటే చిన్నది కాని భిన్నం, 31/6 లాంటిది. పైన అప్పు తెచ్చుకోవడం కష్టంగా ఉందనుకునే వాళ్లకి ఇది నమ్మకమైన దారి. ఇందులో ఆలోచించాల్సింది తక్కువ, గుణకారాలు ఎక్కువ.

5 1/6 అంటే 5×6 + 1 = 31, అంటే 31/6. దానికి మైనస్ పెడితే −31/6. 2 3/4 అంటే 11/4.

−31/6 + 11/4 = −62/12 + 33/12 = −29/12

29ని 12తో భాగిస్తే భాగఫలం 2, శేషం 5. జవాబు −2 5/12. పైన వచ్చిందే.

ఇందులో కూడా ఆ మైనస్ మళ్లీ ఎదురవుతుంది. −2 3/4ని మార్చేటప్పుడు −2×4 + 3 అని చేస్తే −8 + 3 = −5 వచ్చి −5/4 అవుతుంది. తప్పు! ముందు గుర్తుని పక్కన పెట్టి 2×4 + 3 = 11 చేసి, ఆ తర్వాత మొత్తానికి మైనస్ పెట్టి −11/4 అని రాయాలి. తిరిగి మిశ్రమ భిన్నంగా మార్చేటప్పుడూ అంతే, 11ని 4తో భాగించి 2 3/4 తెచ్చుకుని, ఆఖర్న మైనస్ పెట్టాలి.

కోడింగ్ నేర్చుకుంటున్న వాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. పైథాన్‌లో −11ని 4తో రెండు స్లాష్‌ల గుర్తు వాడి భాగిస్తే భాగఫలం −3 అనీ, శేషం 1 అనీ వస్తుంది, ఎందుకంటే అది ఎప్పుడూ కింది పూర్ణసంఖ్య వైపుకే దిగుతుంది. అది తప్పు కాదు, −3 + 1/4 అంటే −2 3/4 కదా. కానీ ఆ −3నీ 1నీ పక్కపక్కన పెట్టి −3 1/4 అని ప్రింట్ చేస్తే మాత్రం జవాబు తప్పు. ప్రోగ్రామ్‌లో కూడా గుర్తుని పక్కన పెట్టి 11ని 4తో భాగించడమే మంచిది.

విడదీసి చెయ్యడం, నాకు బాగా నచ్చేది

పెద్ద సంఖ్యలు వచ్చినప్పుడు అపక్రమ భిన్నాలు చేతికి బరువు. 48 5/6 + (−19 7/8) ఇస్తే 293/6, 159/8 అంటూ పోవాలి, అక్కడ గుణకారంలో ఒక అంకె జారినా అంతా పోతుంది. పూర్ణాంకాలు ఒక పక్క, భిన్నాలు ఒక పక్క పెట్టి చూడండి:

48 − 19 = 29
5/6 − 7/8 = 20/24 − 21/24 = −1/24

మొత్తం 29 − 1/24, అంటే 28 23/24. 29లోంచి ఒకటి విడగొట్టి 24/24 చేసి అందులోంచి 1/24 తీశాం.

ఈ పద్ధతిలో చివరి మెట్టు దగ్గర జాగ్రత్తగా ఉండాలి, పూర్ణాంకానికి ఒక గుర్తు, భిన్నానికి ఇంకో గుర్తు వస్తే వాటిని పక్కపక్కన అతికించేయకూడదు. మన పాత లెక్కనే తీసుకుంటే −5 + 2 = −3, −1/6 + 3/4 = 7/12. మిగిలింది −3 + 7/12. దీన్ని −3 7/12 అని రాస్తే అయిపోయింది, ఎందుకంటే −3 7/12 అంటే −3 − 7/12. సరైనది −3 నుంచి సున్నా వైపుకి 7/12 జరగడం, అంటే −2 5/12.

చూశారా, తిరగేసి తీసినా −3 7/12 వచ్చింది, అతికించినా −3 7/12 వచ్చింది. వేర్వేరు దారుల్లో చేసిన రెండు తప్పులు ఒకే తప్పుడు జవాబు దగ్గరికి చేరాయి. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో మీ జవాబు కనిపించిందంటే సరైనదే అని ఊరట పడకండి, పేపర్ తయారు చేసేవాళ్లకి ఇలాంటి తప్పులు బాగా తెలుసు.

విడదీయడంలోనే ఇంకో రకం ఉంది. భిన్నం భాగం ఒకటికి దగ్గరగా ఉంటే దాన్ని పై సంఖ్యకి చేర్చుకోవచ్చు. మనం టైమ్ చెప్పేటప్పుడు రెండూ నలభై ఐదుని పావు తక్కువ మూడు అంటాం కదా, అచ్చం అదే: 2 3/4 = 3 − 1/4. రుణ గుర్తు ఉంటే −2 3/4 = −3 + 1/4. అప్పుడు

6 1/8 + (−2 3/4) = 6 1/8 − 3 + 1/4 = 3 3/8

నోటితోనే అయిపోతుంది. పైన 19 7/8ని కూడా 20కి 1/8 తక్కువ అనుకుంటే 48 5/6 − 20 + 1/8 = 28 20/24 + 3/24 = 28 23/24, అప్పు తెచ్చుకోవాల్సిన అవసరమే రాలేదు.

పూర్ణాంకాలు రెండూ ఒకటే అయి గుర్తులు వేరైతే కొందరికి టెన్షన్ వస్తుంది, −3 2/5 + 3 1/3 లాంటివి. అక్కడ 3, −3 కొట్టుకుపోతాయి, మిగిలేవి భిన్నాలే: −6/15 + 5/15 = −1/15. సున్నా పూర్ణాంకాన్ని రాయక్కర్లేదు, మైనస్ మాత్రం ఉండాలి.

మూడు, నాలుగు ఉంటే

ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటే కూడుకుంటూ పోవాలన్న నియమం ఏమీ లేదు. ముందు ఒకసారి మొత్తం వరస మీద కన్ను వేసి, ఒకే హారం ఉన్నవి, ఒకే గుర్తు ఉన్నవి వెతకండి.

3 5/8 + (−6 1/3) + 2 3/8 + (−1 1/6)

హారాలు 8, 3, 8, 6. అన్నిటికీ క.సా.గు. 24 అని మొదలుపెడితే అవుతుంది కానీ ఎందుకు? 3 5/8, 2 3/8 కలిస్తే సరిగ్గా 6. రుణాలు రెండూ కలిపితే 6 2/6 + 1 1/6 = 7 3/6 = 7 1/2. మిగిలింది 6 − 7 1/2 = −1 1/2.

మధ్యలో తీసివేతలు వస్తే ముందు వాటిని కూడికలుగా మార్చేసుకోండి, తర్వాత తికమక ఉండదు. 1 1/2 − (−2 1/4) అంటే 1 1/2 + 2 1/4 = 3 3/4.

జవాబు సరిచూసుకోవడం

లెక్క మొదలుపెట్టే ముందే దగ్గరి పూర్ణాంకాలతో ఒక అంచనా వేసుకోండి. −5 1/6 దాదాపు −5, 2 3/4 దాదాపు 3, కలిపితే −2 చుట్టుపక్కల రావాలి. −2 5/12 బాగానే ఉంది, −3 7/12 మాత్రం మూడున్నర కూడా దాటిపోయింది, అంచనాకి చాలా దూరం. దీనికి పట్టే టైమ్ చాలా తక్కువ, కాపాడే మార్కులు మాత్రం ఎక్కువ.

ఫోన్ కాలిక్యులేటర్‌తో సరిచూస్తే −2 + 3÷4 అని కొట్టొద్దు, అది −1.25 చూపిస్తుంది. −2 − 3÷4 అనో, −(2 + 3÷4) అనో కొట్టండి, అప్పుడే −2.75 వస్తుంది.

మైనస్ పూర్ణాంకానికి మాత్రమే వర్తించే రాత అసలు లేదా అంటే, ఉంది, ఇంటర్ పిల్లలకి లాగ్ టేబుల్స్‌లో కనిపిస్తుంది. log 0.05ని బార్ 2 పాయింట్ 6990 అని రాస్తారు, అక్కడ గీత 2 నెత్తి మీద ఉంటుంది, ముందు కాదు. దాని అర్థం −2 + 0.6990, అంటే −1.3010. నెత్తి మీద గీత ఉంటే ఆ అంకె ఒక్కదానికే, ముందు గీత ఉంటే మొత్తానికి. మిశ్రమ భిన్నాల్లో మనం రాసేది ఎప్పుడూ ముందు గీతే.

ఇది ఎక్కడ పనికొస్తుంది

టైమ్ లెక్కల్లో. గ్రీన్‌విచ్ టైమ్‌తో పోలిస్తే మనది +5 1/2 గంటలు, నేపాల్ +5 3/4. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి చలికాలంలో −3 1/2. పసిఫిక్‌లోని మార్కెసస్ దీవులు −9 1/2. గ్రీన్‌విచ్‌లో తెల్లవారుజామున 2 గంటలైతే న్యూఫౌండ్‌లాండ్‌లో ఎంత?

2 + (−3 1/2) = −1 1/2

అర్ధరాత్రికి గంటన్నర ముందు, అంటే ముందు రోజు రాత్రి పదిన్నర. అదే మైనస్‌ని 3కి మాత్రమే పెట్టి −3 + 1/2 అనుకుంటే −1/2 వచ్చి పదకొండున్నర అంటారు, గంట తేడా. అక్కడ చదువుకుంటున్న పిల్లలకి చలికాలంలో ఇక్కడి నుంచి ఫోన్ చేసేవాళ్లు మన టైమ్‌లోంచి ముందు 5 1/2 తీసి, తర్వాత ఇంకో 3 1/2 తీయాలి. ఉదయం 9 గంటలకి చేస్తే 9 + (−5 1/2) + (−3 1/2) = 0, వాళ్లకి సరిగ్గా అర్ధరాత్రి.

ఖాట్మండులో ఉదయం ఆరుంపావు అయితే మార్కెసస్‌లో ఎంత? 6 1/4 + (−5 3/4) + (−9 1/2). మొదటి రెండూ కలిస్తే 1/2, దానికి −9 1/2 కలిపితే −9. అర్ధరాత్రికి 9 గంటల ముందు, ముందు రోజు మధ్యాహ్నం 3.

మీరు చెయ్యండి

ముందు అంచనా, తర్వాత గుర్తు, ఆ తర్వాతే లెక్క.

1) −3 1/2 + (−2 2/3)
2) 7 1/4 + (−9 5/6)
3) −8 1/5 + 3 1/2
4) −4 3/7 + 4 2/5
5) 2 5/6 + (−3 3/4) + 1 1/6 + (−1/4)

జవాబులు: మొదటిది −6 1/6, రెండోది −2 7/12, మూడోది −4 7/10, నాలుగోది −1/35, ఐదోది 0. మూడోదానికి −5 3/10 వచ్చిందంటే −5 + 3/10ని అతికించేశారన్నమాట, విడదీసే పద్ధతి దగ్గర చివరి మెట్టు మళ్లీ చదవండి. రెండోదానికి ప్లస్ 2 7/12 వస్తే గుర్తు ముందు తేల్చుకోలేదు. ఐదోదానికి క.సా.గు. కోసం పెన్ను కదిపి ఉంటే 2 5/6, 1 1/6ని ముందు కలిపి, రుణాలు రెంటినీ విడిగా కలిపి ఇంకోసారి చేసి చూడండి.